పడవలోకి దిగే అడుగు

సువార్త పడిపోయిన కబురు ఆసుపత్రికి సువార్తే మోసుకొచ్చింది. ఎడమచేతికి సిమెంటు కట్టు, గడ్డం మీద గీరుకుపోయిన గాటు, మొహం నిండా సిగ్గు. మనిషి ఆర్టీసీలో కండక్టరు. పెళ్ళికి ముందు నుంచీ బస్సులు ఎక్కడం దిగడమే బతుకు. అలాంటిది కోటిపల్లి బస్టాండులో, ఆగి ఉన్న బస్సు ఆఖరి మెట్టు దిగుతూ బోర్లా పడింది.

"కదులుతున్న బస్సయితే చెప్పుకోడానికైనా బాగుండేదండి," అంది అనంతలక్ష్మితో. "ఆగున్న బస్సు. డిపోలో మొహం చూపించలేకపోతున్నాను."

అనంతలక్ష్మి ఆ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. మోకాలి ఆపరేషనయినవాళ్ళని లేపి, నిలబెట్టి, మళ్ళీ మనుషుల్లో పడేసే పని ఆవిడది. సువార్తని బల్ల మీద పడుకోబెట్టి, కుడి మోకాలు వంచి, పిక్క పట్టుకుని ముందుకి లాగి చూసింది. రాయిలా ఉంది. పక్కకి తోసి చూసింది, ఇసుమంతైనా కదల్లేదు. గోడకున్న తెర మీద గీతలన్నీ పచ్చగా వెలిగాయి. ఆపరేషనయిన మోకాలు ఎంత నిలకడగా ఉందో చెప్పడానికి పెట్టిన తెర అది. సువార్త మోకాలికి నూటికి నూరు వేసింది.

"మోకాలు బ్రహ్మాండంగా ఉందమ్మా."

"మరి నేనెందుకు పడ్డానండి?"

ఆ ప్రశ్నకి తెర దగ్గర జవాబు లేదు. ఆ పూటకి అనంతలక్ష్మి దగ్గరా లేదు. పోనీ సువార్త ఒక్కతే పడిందా అంటే అదీ కాదు. అంతకుముందు ఓ బ్యాంకు మేనేజరు సొంతింటి మెట్ల మీద పడ్డాడు. ఓ కాలేజీ పిల్ల ఆటో దిగుతూ పడింది. వాళ్ళ మోకాళ్ళూ నూటికి నూరే. పరీక్షలో ఫస్టు మార్కులు తెచ్చుకుని బతుకులో తప్పుతున్న మోకాళ్ళని ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోవడం లేదు.

"కంగారుగా దిగుంటావు. చూసుకుని దిగు," అని డాక్టరుగారు అందరికీ చెప్పే మాటే సువార్తకీ చెప్పి పంపించింది అనంతలక్ష్మి. చెప్పాక తనకే చిన్నతనంగా అనిపించింది.

బయట వరండాలో అనంతలక్ష్మి అత్తగారు నూకరత్నం బెంచీ మీద కూర్చుని ఉంది. ఆరోజు శుక్రవారం. ఆపరేషన్లయినవాళ్ళు చూపించుకోడానికొచ్చే రోజు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచేసి, ఒట్టి కాళ్ళతో వరండా ఈ చివర్నించి ఆ చివరికి నడవాలి. నూకరత్నానికి ఏ మోకాలి జబ్బూ లేదు. కళ్ళలో శుక్లాలున్నాయి. తీయించుకోమంటే, చూడాల్సినవన్నీ చూసేశాను పొమ్మంటుంది. ఆవిడ వచ్చేది చూడ్డానికి కాదు, వినడానికి.

ఏం వినడానికంటే, కొడుకు నడక.

వీరబాబు పోయి రెండేళ్ళు కావస్తోంది. గోదావరి మీద పుట్టి, గోదావరి మీద పడవ నడిపి బతికినవాడు, చివరికి తారురోడ్డు మీద లారీ కింద పోయాడు. మనిషి పోయాడు గానీ నడక పోలేదు. అది ఈ వరండాలో వారంవారం తిరుగుతూనే ఉంది, ఓసారి బ్యాంకు మేనేజరు కాలితో, ఓసారి కండక్టరు కాలితో. ఇదేం విడ్డూరమో చెప్పాలంటే పులుసు క్యారేజీ దగ్గర మొదలెట్టాలి.

మోకాల్లో ఎముకని ఎముకతో కట్టిపట్టి ఉంచే తాడొకటి ఉంటుంది. లిగమెంటు అంటారు. అది తెగితే కొత్త తాడు వేసి కట్టడం ఎప్పట్నించో ఉన్నదే. కంప్యూటర్లొచ్చాక ఎముకలో బెజ్జం ఎక్కడ పెట్టాలో వెంట్రుకవాసి తేడా లేకుండా అవే చూపిస్తున్నాయి. అయినా కొందరికి మోకాలు కుదిరినట్టే కుదిరి, ఉన్నట్టుండి ఓనాడు జారిపోతుంది. డాక్టర్ ముకుందరావుకి ఇదే పంటికింద రాయి. తాడు గట్టిదే, కట్టిందీ సరైన చోటే, మరెందుకు జారుతోందని ఏళ్ళ తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి కనిపెట్టాడు. తాడు తెగినప్పుడు దానితోపాటు తెలివీ తెగిపోతోంది. మంచి మోకాలు అడుగు నేలని తాకకముందే సర్దుకుంటుంది. కొత్త తాడుకి ఆ సంగతి తెలీదు. పాపం అది తాడు.

అందుకని ఆయనా, తాహిర్ అనే ఇంజనీరూ కలిసి తనంతట తనే బిగిసి తనంతట తనే వదులయ్యే తాడొకటి తయారుచేశారు. బానే ఉంది, ఎప్పుడు బిగియాలో ఎప్పుడు వదలాలో దానికి ఎవరు నేర్పుతారు? ఎక్కడో అక్కడ ఓ నిలకడైన మోకాలు చూసి, దాని పద్ధతి అంతా ఎక్కించాలి. దానికోసం ఓ ఊగే బల్ల కట్టించారు. క్రీడాకారులొచ్చారు, పోలీసు ట్రైనింగు కుర్రాళ్ళొచ్చారు, నాట్యం చేసే అమ్మాయిలొచ్చారు. బల్ల ఊగడం మొదలెట్టగానే అందరూ మోకాళ్ళు బిగించి, చేతులు గాల్లో ఆడించి, ఆఖరికి పైనున్న పట్టీలకి వేలాడేవారు.

ఆరోజు అనంతలక్ష్మి క్యారేజీ ఇంట్లో మర్చిపోయింది. వీరబాబు పట్టుకొచ్చాడు. బల్ల చూసి, "ఇదేంటి, ఉయ్యాలా?" అన్నాడు.

"ఎక్కుతారా బావగారూ?" అన్నాడు తాహిర్ నవ్వుతూ. అనంతలక్ష్మిని అక్కా అని పిలుస్తాడు, అందుకని ఈయన బావగారు.

వీరబాబు క్యారేజీ చేత్తో పట్టుకునే ఎక్కాడు. తాహిర్ మీట నొక్కాడు. కాస్త పెంచాడు, ఇంకాస్త పెంచాడు, చివరి దాకా తిప్పేశాడు. వీరబాబు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి, "మొదలెట్టలేదేంటి?" అన్నాడు. దిగాక క్యారేజీ విప్పి చూస్తే చింతపండు పులుసు మూతకి కూడా అంటలేదు.

ఆ వారమంతా ఆయన మోకాలికి తీగలు తగిలించి, ఆ బల్ల మీద అన్ని రకాలుగా నిలబెట్టి ఎక్కించుకున్నారు. దానికి గురువు అని పేరు పెట్టుకున్నారు. మొదటి ఆపరేషను రోజుకి గురువు లేడు. ఆయన నేర్పిన పాఠం మాత్రం ఇప్పుడు ముప్ఫైమందికి పైగా మోకాళ్ళలో ఉంది.

అందరికన్నా ముందు పసిగట్టింది అనంతలక్ష్మే. మొదటి రోగి లేచి వరండాలో నాలుగడుగులు వేసేసరికి ఆవిడ గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఎడమకాలు ధన్‌మని పడుతుంది, కుడికాలు కాస్త ఆగి, మెత్తగా, నేలని అడిగి పడ్డట్టు పడుతుంది. తెల్లారకముందే రేవుకెళ్ళేటప్పుడు వీరబాబు ఇంట్లో నడిచిన చప్పుడు అదే. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యాలి? చాటుగా విని, ఇంటికొచ్చి ఏడ్చేది. ఏడుపులో సుఖం కూడా ఉండేది, అది ఒప్పుకోవాలి.

నూకరత్నానికి తనంతట తనకే తెలిసింది. ఓ మధ్యాహ్నం కోడలికి క్యారేజీ తెచ్చి ఆ బెంచీ మీద కూర్చుంది. వెనకాల అడుగులు వినపడ్డాయి. తల తిప్పకుండానే, "తిన్నావా బాబూ?" అంది. తిరిగి చూస్తే బట్టతల బ్యాంకు మేనేజరు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గొల్లుమనలేదు. "ఇంకోసారి అటెళ్ళి ఇటు రావయ్యా," అంది. ఆయన పాపం వెళ్ళొచ్చాడు.

అప్పట్నించీ శుక్రవారం వచ్చిందంటే కొబ్బరుండలు డబ్బాలో పోసుకుని హాజరు. నడిచినవాళ్ళకల్లా ఓ ఉండ. అందరికన్నా ఇష్టం జోగారావు మాస్టారంటే. రిటైరైన డ్రిల్లు మాస్టారు. వయసు మీదపడ్డా నిటారుగా, సరిగ్గా వీరబాబు తూకంలోనే ఉంటాడాయన. ఆయన నడిచినప్పుడు నూకరత్నం కళ్ళు మూసుకునేది.

ఆ శుక్రవారం సాయంత్రం తాహిర్ అనంతలక్ష్మిని తన గదిలోకి పిలిచాడు.

"అక్కా, ఇది చూడు. సువార్తగారు పడ్డప్పటిది. తాడు తనే రాసి పెట్టుకుంది."

తెర మీద సువార్త మోకాలు బొమ్మలా కదులుతోంది. నెమ్మది చేసి చూపించాడు. బస్సు మెట్టు మీంచి కాలు కిందికొస్తోంది. నేల ఇంకా అందలేదు. సరిగ్గా అప్పుడు తాడు వదులైంది.

"బిగియాల్సిన టైములో వదిలేస్తోంది," అన్నాడు. "రెప్పపాటే. తర్వాత బిగుస్తుంది, అదీ బ్రహ్మాండంగా. ఈలోగా మనిషి పడిపోతోంది. సమంగా ఉన్న నేల మీద ఇది కొంచెమే, ఎవరికీ తెలీదు. కిందికి దిగేటప్పుడు ఎక్కువ. మన దగ్గర మెట్ల పరీక్షలో అందరూ కాళ్ళకేసి చూసుకుంటూ దిగుతారు కాబట్టి సర్దుకుపోతోంది. బయట సంచీ భుజానేసుకుని, ఎటో చూస్తూ దిగితే పడుతున్నారు. ఆ మేనేజరుగారిదీ, కాలేజీ పిల్లదీ ఇలాగే ఉంది."

"గురువులో కూడా ఉందా ఇది?"

"ఉంది. ఆయన మాత్రం ఎప్పుడూ పడలేదు కదా. అదే అర్థం కావట్లేదు. సార్ ఏమో తాడులో ఏదో లోపం అంటున్నారు. కొత్తవి తెప్పించే దాకా ఉన్నవాళ్ళని జాగ్రత్తగా దిగమనడమే. నీకేమన్నా తడుతోందా?"

"లేదు," అంది అనంతలక్ష్మి.

అబద్ధం. తట్టింది. చూసిన క్షణానే తట్టింది.

ఆవిడ రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి. గోదావరిని వంతెన మీంచి చూడ్డమే తప్ప చిన్న పడవెక్కి ఎరగదు. పెళ్ళయి మొదటిసారి అవతలి ఒడ్డునున్న పెదలంకకి వెళ్ళేటప్పుడు, రేవు మెట్టు మీంచి పడవలోకి కాలు బిగబట్టి దిగింది. పడవ కుంగి, తన్నేసింది. పట్టుచీరతో సహా వెళ్ళి వంకాయల గంప మీద పడింది. పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వు ఆపుకోడానికి నానా యాతనా పడ్డారు. వీరబాబు నవ్వలేదు. చెయ్యిచ్చి లేపి, మళ్ళీ రేవెక్కించాడు.

"మోకాలు ముందే బిగించకు," అన్నాడు. "మెత్తగా దిగు. నీ బరువెంతో పడవకి తెలియనీ, అదెంత కుంగుతుందో నీకు తెలియనీ. అప్పుడు నిలబడు."

ఆ నెలంతా రేవులో అదే పని. గట్టు మీద పిల్లలు గుమిగూడి లెక్కపెట్టేవారు, కొత్తపెళ్ళికూతురు ఇవాళ ఎన్నిసార్లు పడిందా అని. చివరికి వచ్చింది.

తాహిర్ తెర మీద చూపించింది అదే. పుట్టి నడక నేర్చినప్పట్నించీ పడవలోకి దిగిన మోకాలు అది. కిందికి దిగడమంటే దానికి పడవలోకి దిగడమే. కాలి కింద ఉన్నది కుంగుతుందని దాని నమ్మకం. బస్టాండులో సిమెంటు నేల కుంగదు. వీరబాబుకైతే మోకాలు మెత్తబడితే నడుమూ వెన్నూ వెంటనే అందుకునేవి, ఒళ్ళంతా ఒకే పాఠం చదువుకుంది. సువార్తకి వచ్చింది మోకాలొక్కటే. మిగతా ఒళ్ళు బస్సు మనిషిది. ఊగే బల్ల మీద నిలకడ చూసి మురిసిపోయిన డాక్టర్లకి నేల ఊగదన్న సంగతి గుర్తు రాలేదు.

ఇంత తెలిసీ ఎందుకు నోరు విప్పలేదంటే, విప్పితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆ మెత్తదనం తీసి పక్కన పెట్టడానికి కుదరదు. ఆయన నిలకడంతా మొదలయ్యేదే అక్కడ. తీస్తే గురువునే తీసెయ్యాలి, ముప్ఫైమంది కాళ్ళలోంచీ. ఆ తర్వాత వరండాలో ఎవరి నడక వాళ్ళది. వీరబాబుది ఎక్కడా ఉండదు.

ఇంటికెళ్ళేసరికి నూకరత్నం అన్నం వార్చి కూర్చుంది. "ఇవాళ మాస్టారు రెండుసార్లు నడిచాడే," అంది, ఏదో పండగ కబురు చెప్తున్నట్టు. "రెండోసారి నేనడగలేదు. ఆయనే నడిచాడు. మంచోడు."

అనంతలక్ష్మి అన్నం కలుపుతూ కూర్చుంది. సోమవారం చెప్దాం అనుకుంది. కొత్త తాళ్ళు వచ్చేలోగా చెప్దాం, ఈ రెండ్రోజుల్లో ఎవరు పడతారు, అందరికీ జాగ్రత్త చెప్పాంగా, అనుకుంది. మనసుకి కావాల్సినదాన్ని వాదించి గెలిపించడం మనిషికి ఒకరు నేర్పాలా?

ఆదివారం పొద్దున్న జోగారావు మాస్టారు స్నానానికి గోదావరి ఘాటుకి వెళ్ళాడు. మార్చుకునే పొడిబట్టలు చేత్తో పట్టుకుని, ఎవరో పాత శిష్యుడు పలకరిస్తే అటు చూసి నవ్వుతూ మెట్టు దిగాడు. పది మెట్లు దొర్లాడు. తుంటి ఎముక విరిగింది, వెన్నులో ఓ పూస చితికింది.

అనంతలక్ష్మి ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఆయన్ని స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోతున్నారు. స్పృహలోనే ఉన్నాడు. ఈవిడని చూసి, "సారీ అమ్మా," అన్నాడు. "మీరు చెప్పారు చూసుకుని దిగమని. నాదే పొరపాటు."

ఆ మాట విని ఎవరు నిలబడగలరు? ఆవిడ స్ట్రెచరు కమ్మీ పట్టుకుని ఏదో అనబోయింది. తలుపులు మూసుకున్నాయి.

ఇంటికి తిరిగొచ్చి చెప్పుల్తోనే వంటగది గుమ్మంలో కూలబడింది. నూకరత్నం తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. కోడలు మొత్తం చెప్పేసింది. తెర, తాడు, పడవలోకి దిగే అడుగు, తను నోరు మూసుకున్న రెండ్రోజులు, మాస్టారు చెప్పిన సారీ.

"నీకోసమే అత్తా," అంది చివరికి. "శుక్రవారం లేకపోతే నువ్వేమైపోతావో అని."

నూకరత్నం గొంతు గట్టిగానే పలికింది.

"నా మీద పెట్టకే. నువ్వు దాచుకున్నది నీకోసం."

అనంతలక్ష్మి తలెత్తలేదు. నిజమే మరి.

"నన్ను అడిగుంటే నేను మాత్రం చెప్పమనేదాన్నా? ఏమో," అంది నూకరత్నం. "నేనూ చెప్పొద్దనే అనేదాన్నేమో. తల్లి బుద్ధి అలాంటిది. అందుకే అడక్కపోవడమే మంచిదైంది, లేకపోతే మాస్టారి ఉసురు నాకూ తగిలేది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మా బాబు పడవలోంచి ముసలోళ్ళు దిగుతుంటే నీళ్ళలోకి దూకి మరీ చెయ్యి పట్టుకునేవాడు. ఒక్కళ్ళని పడనిచ్చాడా? ఇప్పుడు వాడి పేరు చెప్పి మనుషులు పడుతున్నారు. లేచి వెళ్ళి చెప్పు. తీసెయ్యమను."

"అత్తా, తీసేస్తే మళ్ళీ..."

"తెలుసే. లే."

డాక్టర్ ముకుందరావు అప్పుడే మాస్టారికి కట్లు కట్టించి గదిలోకొచ్చాడు. మంచి మనిషే. కాకపోతే తన తాడుని ఎవరన్నా ఏమన్నా అంటే కన్నపిల్లని అన్నట్టు ఉంటుంది. అనంతలక్ష్మి చెప్పింది విని, ముందు కాదన్నాడు. తాహిర్‌ని పిలిపించి గురువుని మళ్ళీ తెర మీద పెట్టించాడు. మెట్టు దిగే చోట ఆపించి, చూసి, వెనక్కి పెట్టించి, మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కింద ఉన్నది కుంగుతుందనుకుంటోంది," అన్నాడు తనలో తను.

"అవును సార్."

"ఆ ఒక్క ముక్కా కోసి తీసెయ్యొచ్చా?" అని తాహిర్‌ని అడిగాడు.

తాహిర్ తల అడ్డంగా ఊపాడు. "అది తీస్తే తర్వాత బిగింపు ఎంతుండాలో దానికి తెలీదు సార్. కుంగింది చూసి బిగుస్తుంది అది. మొత్తం తీసి, ఎవరి నడక వాళ్ళ తాడుకి నేర్పుకోవాలి. నెలలు పడుతుంది. ఇప్పుడున్నంత నిలకడ ఎవరికీ రాదు."

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?" ముకుందరావు అనంతలక్ష్మి కేసి తిరిగాడు.

"శుక్రవారం."

ఆయన మొహంలోకి కోపం వచ్చింది, వచ్చినంత త్వరగా ఇంకిపోయింది. "ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయన మళ్ళీ చచ్చిపోతాడనిపించింది సార్."

తాహిర్ కీబోర్డు కేసి చూస్తూ ఉండిపోయాడు. ముకుందరావు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, "మాస్టారికి ఎవరు చెప్తారు?" అన్నాడు.

"నేనే చెప్తాను."

చెప్పింది. జోగారావు మాస్టారు కప్పు కేసి చూస్తూ విన్నాడు. తిట్టుంటే బాగుండేది. "ఆ అమ్మ ఇచ్చే కొబ్బరుండలకి ఆశపడి నేను ఇంకో రౌండు నడిచేవాణ్ణి," అని మాత్రం అన్నాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆయన లేచి కూర్చోడానికే నెలలు పడుతుందని డాక్టర్లు చెప్పారు. నడక సంగతి అడిగితే చూద్దాం అన్నారు.

తరువాతి శుక్రవారం అందరినీ రమ్మన్నారు. ఒక్కొక్కళ్ళే గదిలోకి వెళ్తున్నారు. తాహిర్ మోకాలి మీద ఓ పట్టీ చుట్టి, మీట నొక్కుతాడు. నొప్పి ఉండదు, కోత ఉండదు, కాస్సేపట్లో అయిపోతుంది. లోపలికి వీరబాబు వెళ్తాడు, బయటికి మేనేజరుగారు వస్తాడు. లోపలికి వీరబాబు వెళ్తాడు, బయటికి కాలేజీ పిల్ల వస్తుంది.

నూకరత్నం బెంచీ మీద కూర్చునే ఉంది. రావొద్దని కోడలు బతిమాలింది. "సాగనంపడానికి ఎవరో ఒకరుండాలిగా," అంది ఆవిడ. కొబ్బరుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వెళ్ళేవాళ్ళని వింది, వచ్చేవాళ్ళని వింది. వచ్చేవాళ్ళ అడుగులు తడబడుతున్నాయి. గోడ పట్టుకుంటున్నారు. ఒకళ్ళిద్దరు విసుక్కున్నారు కూడా, బాగున్న మోకాలు పాడుచేశారని. అందరికీ డబ్బా చాపి ఉండ ఇచ్చింది.

ఆఖర్న సువార్త మిగిలింది. గదిలోకి వెళ్ళబోతూ ఆగింది. సంగతంతా అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"అమ్మా, ఇంకోసారి నడవనా?"

నూకరత్నం తల ఊపింది. సువార్త వరండా ఆ చివరికి వెళ్ళి, నెమ్మదిగా తిరిగొచ్చింది. ధన్‌మని ఎడమకాలు, కాస్త ఆగి, మెత్తగా కుడికాలు. అనంతలక్ష్మి గది గుమ్మంలో నిలబడి వింది. సువార్త లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది. మళ్ళీ తెరుచుకున్నప్పుడు వచ్చినవి కండక్టరు అడుగులు. పెద్దావిడ డబ్బా చాపింది.

ఆ తర్వాత నూకరత్నం ఆసుపత్రికి రాలేదు. ఇంట్లోనూ పెద్దగా మాట్లాడేది కాదు. నెలలు గడిచాక ఓరోజు పొద్దున్నే చీర మార్చుకుని, "నన్ను పెదలంక తీసుకెళ్ళవే, తమ్ముడింటికి వెళ్ళొస్తాను," అంది.

"బస్సు ఎనిమిదింటికి."

"పడవలో వెళ్దాం."

వీరబాబు పోయాక అత్తాకోడళ్ళిద్దరూ పడవెక్కలేదు. చుట్టు తిరుగుడైనా వంతెన మీద బస్సులోనే వెళ్ళొచ్చేవారు. అనంతలక్ష్మి ఆవిడ మొహం కేసి చూసి, ఎదురు చెప్పకుండా సంచీ సర్దింది.

రేవులో నూకరత్నం తమ్ముడు సత్తియ్యదే పడవ. అక్కని రెండు చేతులా పట్టుకుని దింపి, బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆవిడ అలవాటుగా కళ్ళు మూసుకుని, అరికాళ్ళు పడవ చెక్కల మీద ఆనించింది. ఇంకా నలుగురు గట్టు మీద వరసలో ఉన్నారు. అనంతలక్ష్మి వంతు వచ్చింది. భుజాన సంచీ, చేతిలో మందుల కవరు. మనసంతా జోగారావు మాస్టారి దగ్గరుంది, సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టే పని ఉంది. ఆ ధ్యాసలోనే రేవు మెట్టు మీంచి పడవలోకి దిగింది.

పడవ కుంగింది, లేచింది, సర్దుకుంది. చుక్క నీరు లోపలికి చిందలేదు.

నూకరత్నం తల ఇటు తిప్పింది. "ఎవరే దిగింది?" అంది.

"నేనే అత్తా."

"మళ్ళీ దిగు."

"ఏంటత్తా?"

"రేవెక్కి మళ్ళీ దిగవే."

"అక్కా, జనం వెయిటింగులో ఉన్నారు," అన్నాడు సత్తియ్య.

"ఉండనీరా."

అప్పటికి అర్థమైంది అనంతలక్ష్మికి. సంచీ కింద పెట్టి రేవెక్కింది. ఈసారి భయమేసింది, ధ్యాస పెడితే మోకాలు బిగుసుకుపోతుందేమోనని, రెండేళ్ళ తర్వాత ఒకే ఒక్కసారి వచ్చి పోయిందేమోనని. వరసలో వాళ్ళు చూస్తున్నారు. ముందే బిగించకు, మెత్తగా దిగు. ఎవరి తాడూ లేదు, ఏ కంప్యూటరూ లేదు, వంకాయల గంప మీద పడి నేర్చుకున్న మోకాలు. కాలు కిందికి వదిలింది. కుడికాలు కాస్త ఆగి, మెత్తగా, పడవని అడిగి పడ్డట్టు పడింది.

పడవ కుంగింది, లేచింది. నూకరత్నం మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"తిన్నావా బాబూ?" అంది.

అనంతలక్ష్మి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

"తిన్నానమ్మా," అంది.

సత్తియ్య మిగతావాళ్ళని ఎక్కించుకుని, తాడు విప్పాడు.